గట్లు వేసుకునే నత్త

పల్నాటి వాళ్ళం గనక మాకు నత్త అంటే వరిమడిలోదే. మన కోస్తాలో మడ అడవుల ఉప్పు బురదలో ఇంకొకటుంది. పేరు పైరెనెల్లా సింగులేటా. దాని గుల్ల సుమారు 3 సెంటీమీటర్లు, కొస తేలిన మరలాంటిది. మీద నిలువుగా గట్లు, వాటిని కోస్తూ సాళ్ళు. అచ్చం దున్నిన చేనే!

నత్త ఒంటిపొర కాల్షియం కార్బొనేట్‌ను గుల్ల అంచున పేరుస్తుంది. మందంగా పేర్చినచోట గట్టు లేస్తుంది. ఆ గట్లే దాని పెరుగుదలకు ఆనవాళ్ళు.

పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే సున్నపురాయిలో ముఖ్య పదార్థమూ అదే. అయితే ఆ రాతిలో గుల్లలు వెతికితే దొరకవు. నత్తలు పుట్టకముందే, 54 కోట్ల ఏళ్ళకు మునుపే, అది సముద్రంలో పేరుకుంది.

గుల్ల అంచు విరిగితే నత్త మళ్ళీ కట్టుకుంటుంది. మా చేని పక్క క్వారీలో తవ్విన రాయి మాత్రం మళ్ళీ రాదు. కాల్చేముందు ఆ లెక్క కూడా చూసుకోవద్దూ?