పసిబిడ్డను చూచు ఆయాకు జీతమెంత?

పటమటలో ఇద్దరు గృహిణులు కలిసికొన్నపుడు తరచుగా వినవచ్చు ప్రశ్న ఒకటి కలదు: "మీ ఆయాకి ఎంతిస్తున్నారండీ?" దానికి వచ్చిన సమాధానమే మరునాటికి ఇంకొక యింట జీతముగా స్థిరపడును. పొరుగింట అత్తగారున్నారు, అక్కడ ఆయా నాలుగు గంటలు మాత్రమే ఉండును. మన యింట ఉదయము మొదలు దీపాలవేళ దాక బిడ్డ ఆమె చేతిలోనే ఉండును. రెండింటికి జీతమొకటే యెట్లగును?

ఈ చిక్కు మన పెద్దలకు లేకపోయెను. 1985లో విజయవాడ నగరములో కలియువరకు పటమట గ్రామపంచాయతీయే. బిడ్డ అమ్మమ్మ చేతిలోనో నాయనమ్మ చేతిలోనో పెరిగెడిది. సాయమునకు వచ్చిన స్త్రీకి పూట భోజనము, పంటకు కొంత ధాన్యము, పండుగకు చీర ముట్టెడివి. గంటలు లెక్కించినవారు లేరు. లెక్కింపనందువలన నష్టపడినది ఎవరో చెప్పనక్కరలేదు.

నేడు తల్లియు ఉద్యోగమునకు పోవుచున్నది. ప్రసూతి సెలవును 2017లో పండ్రెండు వారములనుండి ఇరువదియారు వారములకు పెంచిరి. అందులో ఎనిమిది వారములు కాన్పునకు ముందే వాడుకొనవచ్చును. కనుక బిడ్డ బోర్లపడుట నేర్చు నాటికి, లేదా ఆ తరువాత కొలదికాలమునకు, తల్లి కచేరీ మెట్లెక్కవలసి వచ్చును. ఆయా కావలసినది సరిగా అప్పుడే.

జీతము నిర్ణయించుటకు ముందు గంటలు లెక్కించుడు. తల్లి ఎనిమిదిన్నరకు బయలుదేరి సాయంత్రము ఆరున్నరకు తిరిగి వచ్చుననుకొందము. దినమునకు పది గంటలు, వారమునకు ఆరు దినములు, వెరసి అరువది గంటలు. "మధ్యాహ్నము బిడ్డ నిద్రపోవును గదా" అందురు. ఆ వేళనే ఆయా పాలసీసాలు మరిగించును, పొత్తిగుడ్డలు ఉతుకును, ఒక చెవి ఉయ్యాలవైపే ఉంచి అన్నము తినును. అది విరామము కాదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మొదలుకొని, వారమునకు నలువది యెనిమిది గంటలు దాటిన పనికి రెట్టింపు వేతనమనునది మనకు తెలిసిన న్యాయమే. ఆ న్యాయమును ఇంటిలో వర్తింపజేసి చూతము. అరువదిలో నలువది యెనిమిది పోగా మిగిలినవి పండ్రెండు. అవి రెట్టింపై ఇరువది నాలుగగును. మొత్తము డెబ్బదిరెండు. అనగా పదిగంటల ఆయాకు ఎనిమిది గంటల జీతమునకు ఒకటిన్నర రెట్లు ఈయవలెను. ఎనిమిది గంటలకు నెలకు 12,000 రూపాయలనుకొనిన, పది గంటలకు 18,000. ఇది బజారు ధర కాదు, లెక్కకై తీసికొన్న సంఖ్య. అయినను మొదటి మొత్తమునే ఇచ్చి పదిగంటలు పని తీసికొనువారు ఆమె కష్టములో మూడవ వంతును ఉచితముగా పొందుచున్నారని ఈ లెక్క తెలుపుచున్నది.

ఎనిమిది గంటల జీతమునకు ఆధారమేమి? కనీస వేతనముల చట్టము 1948లోనే వచ్చినను, మన రాష్ట్రములో ఇంటిపనివారు ఆ పట్టికలో చేరుటకు 2007 వరకు ఆగవలసి వచ్చెను. ఆ వేతనము, దానికి తగ్గరాదని చెప్పునే గాని, అంతటితో సరిపెట్టుమని చెప్పదు. పాత్రలు తోముటయు, మాటరాని శిశువు ఏడ్పులో ఆకలి ఏదో కడుపునొప్పి ఏదో గుర్తించుటయు ఒక పని కావు. అదియుగాక, బిడ్డకొరకని కుదుర్చుకొని, నెల తిరుగకముందే బియ్యము కడుగుము, ఇల్లు తుడువుమని ఒక్కొక్కటే చేర్చుట మనలో కలదు. చేర్చిన పనికి జీతము కూడ చేర్చవలెను.

"భోజనము పెట్టుచున్నాము, చీర ఇచ్చుచున్నాము" అని జీతము తగ్గించుట తగదు. అవి మన మర్యాద. ఆమె ఇంటి అద్దె వానితో తీరదు. 2025 ఆగస్టు 15 నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది గనుక దారిఖర్చు కొంత తగ్గినమాట నిజమే. కాని బస్సు దిగిన పిమ్మట ఎక్కు ఆటోవాడు ఊరకనే ఎక్కించుకొనడు.

సెలవుల మాటకు వత్తము. సంక్రాంతికి మనము పదిదినములు ఊరికి పోయిన, ఆ దినముల జీతము కోయరాదు. తాళము వేసికొని పోయినది మనము. ఆమెకు జ్వరము వచ్చినపుడు కోయుట ఇంకను అవివేకము. కోతకు భయపడి ఆమె జ్వరముతోనే వచ్చి మన బిడ్డనే ఎత్తుకొనును.

అన్నిటికంటె మరచిపోవు లెక్క మరియొకటి కలదు. యనమలకుదురునుండియో రాణిగారితోటనుండియో వచ్చు ఆయాకును ఇంట బిడ్డ ఉండవచ్చును. ఆ బిడ్డను చూచువారికి ఆమె ఈ జీతములోనుండియే ఇచ్చుకొనవలెను. అది చాలనిచో పెద్దకూతురు బడి మానును. మన బిడ్డ ఉయ్యాల ఊగుటకు ఒక బాలిక పలకను దాచిపెట్టుట జరుగును. పల్లెనుండి పదేండ్ల పిల్లను తెచ్చి, కూడు గుడ్డ ఇచ్చి బిడ్డను ఆడింపజేయు పూర్వపు అలవాటు వేరొక రూపమున కొనసాగుట యిదియే. పదునాలుగేండ్లలోపు వారిని ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండియే నిషిద్ధము.

ఒకటిన్నర రెట్లు ఈయలేని కుటుంబములు లేకపోలేదు. అట్టివారు గంటలు తగ్గించుకొనవలెను గాని గంట విలువ తగ్గింపరాదు. భార్య ఉదయము, భర్త సాయంత్రము ఒక గంట సర్దుకొనిన, పది గంటలు ఎనిమిదియగును.

కుదుర్చుకొను నాడే పనివేళలు, పనులు, వారపు సెలవు, జీతమిచ్చు తేదీ, ఏటేటి పెంపు ఒక కాగితముపై వ్రాసి ఆమెకు చదివి వినిపింపుడు. ఇంటిపనివారికి షరతులు అర్థమగునట్లు తెలుపవలెనని 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక చేసినది. భారతదేశము దానికి అనుకూలముగా ఓటు వేసినదే గాని నేటికిని ధ్రువీకరింపలేదు. మన ఇంటి కాగితమునకు ఆ ధ్రువీకరణతో పనిలేదు.

బిడ్డ నడక నేర్చినది, ఇక పని తగ్గినది గనుక జీతము తగ్గింతుమనువారు కూడ కలరు. నడక నేర్చిన బిడ్డ వెంట ఒక ఆదివారము సాయంత్రము దాక తిరిగిచూచి, పిమ్మట ఆ మాట అనవలెను.