నాలుగు రోడ్లు, నానా మునకలు

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి ఏ రోడ్డు పట్టుకున్నా ఎక్కడో ఒకచోట మునక ఎదురవుతుంది. పడమర విజయవాడ, తూర్పున ఏలూరు, ఉత్తరాన నూజివీడు, దక్షిణాన గుడివాడ. మధ్యలో ఆంజనేయస్వామి గుడి. మండలం పేరు బాపులపాడే అయినా ఆ మాట ఆఫీసు కాగితాల్లో తప్ప ఎక్కువగా వినపడదు. 2001లో జంక్షన్ పేరుతోనే సినిమా వచ్చాక ఊరు చూడనివాళ్లకు కూడా ‘హనుమాన్ జంక్షన్’ నోటికొచ్చేసింది.

ఇంగ్లిష్‌వాళ్ల ‘డిప్’ ఈ కూడలికి ఎప్పుడో వచ్చి స్థిరపడింది. అయితే అన్ని నీళ్లలోకీ దిగలేదు. పెట్రోల్ బంకులో దిగింది. పొద్దున్నే భూమిలోని ట్యాంకులోకి పొడవాటి రాడ్ దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో చూసి స్టాకు రాసుకోవడాన్ని ‘డిప్ చూడటం’ అంటారు. దారంతో వేలాడే పొట్లాన్ని వేడి నీళ్లలో ఆడిస్తే డిప్ టీ. పక్క బల్ల మీద ఉస్మానియా బిస్కెట్‌ను మామూలు టీలో ముంచుకు తినేవాడు మాత్రం డిప్ చేశాననడు, ముంచాననే అంటాడు. లెక్కా కొలతా ఉన్నచోట డిప్, లేనిచోట మన మాట. నాకు కనిపించిన తేడా అది.

విజయవాడ రోడ్డులోనే ఇది బాగా తెలుస్తుంది. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు ఇంగ్లిష్ పత్రికలు ‘హోలీ డిప్’ అని రాశాయి. ఘాట్ల దగ్గర ఏ మామ్మా ఆ మాట అనలేదు. ముక్కు పట్టుకుని బుడుంగున మూడు మునకలు వేయాలి, తల పూర్తిగా తడవాలి. మోకాలి లోతులో నిలబడి చెంబుతో పోసుకుంటే స్నానం అవుతుందిగానీ మునక కాదు.

అదే విజయవాడలో 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లోకి వచ్చింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఒకపక్క ఏరు, ఒకపక్క నది. జనం డాబాల మీద పాల ప్యాకెట్ల కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు. దాన్ని ముంపు అన్నారు. మునకకైతే మనిషే వెళ్తాడు, ముంపు తానే ఇంటికొస్తుంది. రెండిటికీ ధాతువు ఒకటే అయినా వాటిని కలిపి మాట్లాడేవాడు డెల్టాలో కనపడడు.

నీళ్ల పక్కన బతికిన జనానికి నీళ్లు లేనిచోట కూడా మునగడమే తోస్తుంది. అప్పుల్లో మునుగుతాం, పెళ్లి పనుల్లో తలమునకలవుతాం. నమ్మినవాడు నట్టేట ముంచుతాడు. కుర్రాడు ఆదరాబాదరా పరిగెడితే ‘ఏం కొంపలు మునిగాయిరా?’ అని అడుగుతాం. రొయ్యల చెరువులో రెండు పంటలు వరసగా పోయినవాడు మూడోదానికి మళ్లీ అప్పు తెస్తుంటే పక్కవాళ్లు వారిస్తారు. ‘నిండా మునిగినోడికి చలేంటి’ అంటాడు. ఆ జవాబులోని నిబ్బరం ‘డిప్’లో ఎంత వెతికినా దొరకదు.

గుడివాడ రోడ్డంతా వరి. ఇక్కడ ముంచడం పనే. నాటే ముందు నారు వేళ్లను అజోస్పైరిల్లం అనే జీవన ఎరువు ద్రావణంలో ముంచుతారు. మునగడం మాత్రం భయం. మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం వరి, అంటే ఎంటీయూ 7029, ఈ డెల్టాను చాలాకాలం ఏలింది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత రకం నుంచి ముంపును తట్టుకునే జన్యువును అందులోకి తెచ్చి స్వర్ణ సబ్-1 చేశారు. అది 2009లో విడుదలైంది. మామూలు వరి మునిగితే ఆకును నీటి పైకి చేర్చాలని ఆత్రంగా సాగి, ఉన్న బలమంతా ఖర్చుపెట్టుకుని చస్తుంది. సబ్-1 ఎదుగుదల ఆపేసి, పిండిపదార్థాన్ని దాచుకుని, నీళ్లు తీశాక లేస్తుంది. దాదాపు రెండు వారాలు ఓర్చుకోగలదు. కానీ ఇక్కడి రైతును ఎక్కువగా ఏడిపించేది నారు మునక కాదు, కోతల వేళ వచ్చే తుపాను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పడిపోయిన చేలు, నీళ్లలో నానిన పనలు చూశాం. పండిన కంకి మునిగితే గింజ మొలకెత్తుతుంది. అక్కడ సబ్-1 చేయగలిగేదేమీ లేదు.

గుడివాడ దాటి ఇంకా దిగువకు పోతే పెడన. అక్కడ కలంకారీ గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తేనే అచ్చు వేసిన నలుపు పట్టుకుంటుంది.

నూజివీడు రోడ్డు మామిడిది. 2014లో ఐరోపా సమాఖ్య పండు ఈగ కారణంగా మన మామిడిని ఆపేసింది. మరుసటి ఏడాది నిషేధం తీసేశాక కూడా శుద్ధి షరతు మిగిలింది. ఎగుమతి కాయను 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచడం అందులో ఒక పద్ధతి. డిగ్రీలూ నిమిషాలూ లెక్క పెట్టే పని కాబట్టి ప్యాక్‌హౌస్‌లో దాన్ని ‘డిప్పింగ్’ అంటే నాకు అభ్యంతరం లేదు. ఏలూరు వైపు కొల్లేటిలో బుడబుంగలూ నీటికాకులూ చేపల కోసం మునుగుతాయి, ఏ లెక్కా లేకుండా.

ఇక ఈ కూడలిని నిజంగా ఏలుతున్న డిప్ లారీలది. ‘యూజ్ డిప్పర్ ఎట్ నైట్’ అని వెనక రాయించుకోని బండి అరుదు. ఆ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, 2016లో టాటా మోటార్స్ లారీ డ్రైవర్ల కోసం తెచ్చిన కండోమ్‌కు డిప్పర్ అనే పేరు పెట్టారు. అసలు డిప్పర్ పని చిన్నది. హెడ్‌లైటు వెలుగును ఎదుటివాడి కళ్లలోంచి దించి రోడ్డు మీదికి ముంచడం. కార్లకు తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాక లారీవాడు పాటించే ఈ మర్యాదను కారువాడు మరిచిపోతున్నాడు. డివైడర్ లేని పక్క రోడ్ల మీద ఎదుటివాడికి రెండు క్షణాలు ఏమీ కనపడదు. సైకిల్ మీద ఇంటికెళ్లే కూలీని గుద్దడానికి అది చాలు. ఈ రాత్రి జంక్షన్ దాటి ఎటు వెళ్తున్నా, ఎదురుగా బండి కనపడగానే డిప్పర్ వేయండి.