కారుతో సహా ఓడెక్కి...

లండన్‌లో ఇంటిముందు కారెక్కి ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగొచ్చు, మధ్యలో సముద్రం ఉన్నా సరే! మనుషుల్నీ సామాన్నీ కారునీ కలిపి అవతలి ఒడ్డుకు చేర్చే ఫెర్రీలుంటే యూరప్ యాత్ర తేలికే. కాకపోతే ఆ తేలికంతా బయల్దేరేముందు ఇంట్లో కూర్చుని వేసుకునే ప్రణాళికలోనే ఉంది.

నరసాపురం రేవులో పంటెక్కి సఖినేటిపల్లిలో దిగినవాళ్లకి ఆ అనుభవం గుర్తుండే ఉంటుంది. ముందు లారీలూ కార్లూ ఎక్కుతాయి. వాటి సందుల్లో మోటారుసైకిళ్లు సర్దుకుంటాయి. మిగిలిన చోట జనం నిలబడతారు. పంటు గోదావరి దాటగానే ఎవరి బండి వాళ్లు తోలుకుని వెళ్లిపోతారు. సరిగ్గా ఇదే పనిని పెద్ద భవనమంత ఓడ చేస్తే... అదే కార్ ఫెర్రీ. నది బదులు సముద్రం, రెండు ఊళ్ల బదులు రెండు దేశాలు!

బ్రిటన్‌లోని డోవర్ రేవు నుంచి ఫ్రాన్స్‌లోని కలే రేవుకి ఫెర్రీలో గంటన్నర ప్రయాణం. అక్కడ సముద్రం ఇరుకైన చోట వెడల్పు 33 కిలోమీటర్లే. పిల్లలకు వేసవి సెలవులు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఏడుగురు పట్టే కారు... ఈ మూడూ కలిసొచ్చినప్పుడు బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు యూరప్ మీదికి మనసు పోవడం సహజమే. మనిషికో విమాన టికెట్ కొనక్కర్లేదు. సామాను బరువు తూచే బాధ లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు విమానాశ్రయాల్లో మైళ్లకొద్దీ నడవాల్సిన పనీ లేదు.

అయితే ఇంత సరదా ప్రయాణమూ రేవు గేటు దగ్గరే ఆగిపోవచ్చు. ఎలాగంటారా? ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. కారు డోవర్‌లో పాస్‌పోర్టు గది ముందు ఆగింది. ‘మామయ్యగారూ, మీ పాస్‌పోర్టులో షెంజెన్ వీసా ఏదండీ?’ అని కోడలు వెనక్కి తిరిగింది. ‘అదేంటమ్మా... బ్రిటన్ వీసా ఉందిగా!’ అన్నారాయన. అంతే, ఆరుగురి సెలవులూ అక్కడితో సరి!

ముందు వీసా... తర్వాతే టికెట్

ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్, జర్మనీ సహా 29 దేశాలు షెంజెన్ ఒప్పందంలో ఉన్నాయి. బ్రిటన్ అందులో లేదు. కాబట్టి బ్రిటన్ వీసాతో ఆ దేశాల్లోకి అడుగుపెట్టడం కుదరదు. ఒకే కారులో ఉన్నా అందరి పరిస్థితీ ఒకటి కాదు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న మనవడికి కొద్దిరోజుల యాత్రకైతే వీసా అక్కర్లేదు. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్న వాడి అమ్మానాన్నలకు కావాలి. చూడ్డానికి వెళ్లిన తాతయ్యకీ నానమ్మకీ కావాలి. పైగా ఫ్రాన్స్ పోలీసుల తనిఖీ డోవర్‌లోనే, ఓడ ఎక్కకముందే జరుగుతుంది. 2003లో బ్రిటన్, ఫ్రాన్స్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం వచ్చిన పద్ధతి ఇది. అవతలి ఒడ్డుకు వెళ్లాక చూసుకుందాంలే అనుకోవడానికి వీల్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకోటుంది. షెంజెన్ వీసాకి సాధారణంగా తాము నివాసం ఉంటున్న దేశంలోనే దరఖాస్తు చేసుకోవాలి. కొడుకుని చూడ్డానికి విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లు బ్రిటన్‌లో నివాసం ఉన్నట్టు కాదు. కాబట్టి పెద్దవాళ్లు హైదరాబాద్‌లో విమానం ఎక్కకముందే ఆ పని చూసుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఒక్కోసారి నిర్ణయానికి 45 రోజులు పట్టొచ్చు. 2024 జూన్‌లో పెంచాక పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలైంది. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా కూడా తప్పనిసరి.

మరి ఏ దేశానికి దరఖాస్తు చేయాలి? ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటే ఆ దేశానికి. కలేలో దిగి, బెల్జియంలోని బ్రూజ్‌లో రెండు రోజులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగు రోజులు గడపాలనుకుంటే, ముందు అడుగుపెట్టేది ఫ్రాన్స్‌లోనే అయినా దరఖాస్తు వెళ్లాల్సింది నెదర్లాండ్స్‌కి. అంటే దారి తేలితేగానీ వీసా ఫారం నింపలేరన్నమాట.

ఏ రేవు నుంచి?

మ్యాపు ముందేసుకుని కూర్చుంటే దారులు చాలానే కనిపిస్తాయి. డోవర్ నుంచి కలేకి గంటన్నర, డంకర్క్‌కి సుమారు రెండు గంటలు. న్యూహేవెన్ నుంచి దియెప్‌కి నాలుగు గంటలు. హార్విచ్ నుంచి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్‌కి దాదాపు ఏడు గంటలు. న్యూకాజిల్‌లో సాయంత్రం ఎక్కితే రాత్రంతా ప్రయాణించి పొద్దున్నే ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర్లోని ఐముయిడన్‌లో దిగొచ్చు. ఇంగ్లండ్ దక్షిణ తీరం నుంచి నేరుగా స్పెయిన్ వెళ్లే ఓడలూ ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒక రోజు పైనే పడుతుంది.

తక్కువ సమయం పట్టే దారే మంచిదనుకోనక్కర్లేదు. రాత్రి ఓడలో క్యాబిన్ తీసుకుంటే ఒక రాత్రి హోటల్ ఖర్చు తప్పుతుంది, డ్రైవింగ్ చేసేవాళ్లకి నిద్రా దొరుకుతుంది. వెళ్లిన దారినే తిరిగి రావాలనీ లేదు. లండన్ నుంచి డోవర్‌కి 125 కిలోమీటర్లు. ఓడ దాటాక కలే నుంచి బ్రూజ్‌కి సుమారు 120, అక్కడ్నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కి 250. చివర్లో హుక్ ఆఫ్ హాలండ్‌లో రాత్రి ఓడెక్కితే పొద్దున్నే హార్విచ్. ఏ రోజూ మూడు నాలుగు గంటలకు మించి కార్లో కూర్చోవాల్సిన పని లేకుండా వారం యాత్ర పూర్తవుతుంది.

టికెట్ కొనేటప్పుడు కారు నంబరుతో పాటు పొడవూ ఎత్తూ కూడా అడుగుతారు. పైన సామాను పెట్టె బిగించుకుంటే దాని ఎత్తూ కలిపి చెప్పాలి. రోజునీ వేళనీ బట్టి ఛార్జీలు మారతాయి. పాఠశాలలకు సెలవులిచ్చే వారాంతాల్లో ధరలూ ఎక్కువే, రద్దీ కూడా ఎక్కువే. ఓడ వేళకి కనీసం గంటన్నర, రెండు గంటల ముందు రేవులో ఉండటం మంచిది. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో ఫొటోలూ వేలిముద్రలూ కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త విధానాన్ని దశలవారీగా తెచ్చారు. ఆ సమయం కూడా లెక్కలో వేసుకోవాలి. మరోమాట... ఫ్రాన్స్ గడియారం బ్రిటన్ కన్నా గంట ముందుంటుంది. టికెట్ మీద రాసేది ఏ రేవుకి ఆ రేవు సమయం. తిరుగు ప్రయాణంలో ఈ ఒక్క గంట దగ్గరే లెక్క తప్పుతుంది!

కారుకీ కాగితాలు కావాలి

మనుషులకు పాస్‌పోర్టు ఎలాగో కారుకు రిజిస్ట్రేషన్ పత్రం అలాగ. అసలు కాగితమే దగ్గరుండాలి. అద్దె కారైతే దేశం దాటించడానికి ఆ కంపెనీ అనుమతి పత్రం తప్పనిసరి. బ్రిటన్ బీమా యూరప్‌లో పనిచేస్తుంది కానీ, కొన్ని పాలసీలు అవతలివాళ్లకు జరిగే నష్టాన్ని మాత్రమే భరిస్తాయి. సొంత కారుకి సొట్టపడితే ఎవరిస్తారో ముందే ఫోన్‌చేసి కనుక్కోవాలి. దారిలో బండి ఆగిపోతే ఆదుకునే సేవ యూరప్‌కీ వర్తిస్తుందో లేదో కూడా అప్పుడే అడిగేయాలి. భారతీయ లైసెన్సుతో స్టీరింగ్ పట్టాలనుకుంటే ఇక్కడి ఆర్టీఏ కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లాలి. అది ఏడాది చెల్లుతుంది.

బ్రిటన్ కార్ల వెనక ఒకప్పుడు అంటించిన ‘జీబీ’ స్టిక్కర్ పనికిరాదు. 2021 సెప్టెంబరు 28 నుంచి ‘యూకే’ అని ఉండాలి. ఫ్రాన్స్‌లో ప్రమాద సూచిక త్రిభుజం, మెరిసే జాకెట్ కార్లో ఉండి తీరాలి. జాకెట్‌ని డిక్కీలో కాదు, చేతికందేచోట పెట్టుకోవాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా అద్దాల మీద అంటించే స్టిక్కర్లూ అవసరమే.

ఓడ కడుపులోకి...

ఇప్పుడు సులువుగా నడుపుకుంటూ ఓడలోకి వెళ్లిపోతున్నాం గానీ, మొదట్లో కారుని క్రేన్‌కి వేలాడదీసి ఓడ మీదికి దించేవారు. కార్లకి రైల్వే కంపెనీల ఓడలు వసూలుచేస్తున్న ఛార్జీలు నచ్చక కెప్టెన్ స్టూవర్ట్ టౌన్‌సెండ్ అనే ఆయన 1928లో ఓ చిన్న సరుకు ఓడని అద్దెకు తీసుకుని డోవర్-కలే మధ్య కార్లను చేరవేయడం మొదలుపెట్టాడు. డోవర్ తూర్పు రేవులో కార్లు నేరుగా ఎక్కే వంతెనలు 1953లో వచ్చాయి.

ఈ సౌకర్యానికి ఓ చేదు జ్ఞాపకమూ ఉంది. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ రేవు నుంచి ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అనే ఫెర్రీ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. కార్లుండే అంతస్తులోకి నీళ్లొచ్చి నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. ఆ తర్వాత నిబంధనలు మారాయి. తలుపులు మూసుకున్నదీ లేనిదీ కెప్టెన్ గదిలో దీపాలు చూపించాల్సిందే.

కారుని లోపల పెట్టాక హ్యాండ్‌బ్రేక్ లాగి, గేర్‌లో ఉంచాలి. అలారం ఆపేయాలి, లేకపోతే ఓడ కదలికలకి దారంతా మోగుతూనే ఉంటుంది. ఓడ కదిలాక కారు దగ్గరికి వెళ్లనివ్వరు. అందుకే పెద్దవాళ్ల బీపీ, షుగర్ మాత్రలూ, పిల్లల స్వెట్టర్లూ, రాత్రి ప్రయాణమైతే ఓ జత బట్టలూ చిన్న సంచిలో పెట్టుకుని పైకి వెళ్లాలి. కారు ఏ అంతస్తులో, ఏ మెట్ల దగ్గరుందో గుర్తుపెట్టుకోవాలి. ఫోన్‌తో ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. కడుపులో తిప్పేవాళ్లు ఓడ మధ్యభాగంలో కింది అంతస్తులో కూర్చుని, దూరంగా ఆకాశం సముద్రం కలిసేచోట చూపు నిలిపితే కాస్త నయం.

పెరుగన్నం డబ్బా కుదరదు!

ప్రయాణమంటే మనకి ముందు గుర్తొచ్చేది తిండి. ఇక్కడే జాగ్రత్తపడాలి. యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికొచ్చాక అక్కడ్నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లనివ్వడం లేదు. 2021 జనవరిలో నెదర్లాండ్స్ అధికారులు డ్రైవర్ల చేతుల్లోని మాంసం శాండ్‌విచ్‌లనీ తీసేసుకున్నారు. కోడిమాంసం పచ్చడి, పెరుగన్నం, నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచేయండి. చంటిపిల్లల పాలపొడికి మినహాయింపుంది. పులిహోరకి భయంలేదు.

ఒడ్డెక్కగానే కుడివైపు నడపాలి. స్టీరింగ్ కూడా కుడివైపే ఉన్న బ్రిటన్ కారుకి ముందున్న లారీని దాటడం కష్టం. పక్క సీట్లో ఉన్నవాళ్లు చూసి చెప్పాలి. ఫ్రాన్స్ టోల్‌గేట్లలో యంత్రాలు ఎడమవైపు ఉంటాయి. అంటే టికెట్ తీసుకునేదీ డబ్బు కట్టేదీ పక్కసీటువాళ్లే! అక్కడి పెద్ద రహదారుల్లో వేగం గంటకి 130 కిలోమీటర్లు మించకూడదు. వానలో 110. పదేళ్లలోపు పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలి. మొదటిరోజు కలే నుంచి ఎక్కువ దూరం పెట్టుకోకుండా, చెయ్యి అలవాటయ్యేదాకా తీరిగ్గా వెళ్లడం మేలు.

వీసా రాకపోతే?

అమ్మానాన్నలకు షెంజెన్ వీసా లేదా? దిగులేం లేదు. ఫెర్రీ సరదా బ్రిటన్‌లోనే తీర్చుకోవచ్చు. పోర్ట్స్‌మౌత్ నుంచి ఐల్ ఆఫ్ వైట్‌కి ముప్పావుగంట. స్కాట్లాండ్‌లో ఓబన్ నుంచి మల్ దీవికీ అంతే. ఉత్తర కొసన స్క్రాబ్‌స్టర్ నుంచి ఆర్క్నీ దీవుల్లోని స్ట్రామ్‌నెస్‌కి గంటన్నర, అంటే అచ్చంగా డోవర్ నుంచి కలేకి పట్టేంత. అదే ఓడ, అదే సముద్రం, కారు అలాగే వెంట. వీసా అడిగేవాళ్లు మాత్రం ఉండరు.

ఎటు వెళ్లినా సూత్రం ఒకటే. ముందు దారి, తర్వాత అందరి పాస్‌పోర్టులు, ఆ తర్వాత కారు కాగితాలు, అన్నిటికన్నా చివర్న ఓడ టికెట్. ఈ వరస తప్పకపోతే, తెల్లని డోవర్ కొండలు వెనక్కి జరుగుతుంటే డెక్కు మీద మనవడి చెయ్యి పట్టుకున్న తాతయ్య నిశ్చింతగా అనొచ్చు... ‘ఇది మన నరసాపురం పంటేరా, కాస్త పెద్దదంతే!’