బిందెడు నీళ్ల విలువ

మా వాడికి అప్పుడు ఆరేళ్లు. టీవీలో ‘మ్యాన్ వర్సెస్ వైల్డ్’ వస్తోందంటే అన్నం కంచం అక్కడికే రావాలి. బేర్ గ్రిల్స్ పురుగులు నములుతుంటే నాకు ముద్ద దిగేది కాదు. అడవిలో గడిపినట్టు చూపించిన కొన్ని రాత్రులు ఆయన హోటల్లో పడుకున్నాడని 2007లోనే బయటపడింది. ఆ మాటంటే మా వాడికి కోపం!

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ మన విశాఖ దగ్గరే తీరం దాటింది. గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలి. కిటికీ అద్దాలు పగులుతుంటే వాణ్ణి మంచం కిందికి తోశాను. మావారు స్టీల్‌ప్లాంటు డ్యూటీలో చిక్కుకుపోయారు. ఫోన్లు మూగబోయాయి.

మర్నాడు కరెంటు లేదు, కుళాయిలో చుక్క లేదు, పాలు దొరకవు. పక్కింటి మామ్మగారు మాత్రం ముందురోజే బిందెలన్నీ నింపి, లాంతర్లో కిరసనాయిలు పోసి, అటుకులు మూటగట్టి ఉంచారు. నాలుగిళ్లకీ ఆవిడ నీళ్లే!

“మామ్మగారూ, ఇవన్నీ మీకెవరు నేర్పారు?” అన్నాడు మా వాడు.

“1977 దివిసీమ ఉప్పెన నేర్పింది నాయనా” అన్నారావిడ.

మావారు మూడోరోజు నడిచి ఇల్లు చేరేదాకా మమ్మల్ని కాచింది ఆ బిందెలే.

పిల్లల్ని ఆ షోలు చూడనివ్వండి, తప్పులేదు. పనిలోపనిగా లాంతరు వెలిగించడం, నీళ్లు కాచి వడగట్టడం కూడా నేర్పండి. ఆడపిల్లకే కాదు, మగపిల్లాడికీ!