రాత్రి వెలుతురు చాలన్న కెమెరా

2008 సెప్టెంబర్ 17న కెనాన్ కంపెనీ ఒక స్టిల్ కెమెరాను ప్రకటించింది. పేరు ఈఓఎస్ 5డి మార్క్ 2. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు, పత్రికల ఫొటోగ్రాఫర్లు అందులోని 2.11 కోట్ల పిక్సెళ్ల గురించి మాట్లాడుకున్నారు. వీడియో కూడా తీస్తుందన్న సంగతి చివర్న కలిపిన కొసరులా ఉంది. నిజానికి దాన్ని సినిమావాళ్ల కోసం పెట్టలేదు. అసోసియేటెడ్ ప్రెస్, రాయిటర్స్ లాంటి వార్తాసంస్థలు అప్పటికే ఫొటోతోపాటు నాలుగు కదిలే దృశ్యాలు కూడా కావాలంటున్నాయి. ఫొటోగ్రాఫర్ రెండో కెమెరా మోయకుండా ఉండేందుకు ఇచ్చిన వెసులుబాటు అది. రాత్రి నగరాన్ని, అందులోని మామూలు మనుషుల ముఖాల్ని సినిమాకెక్కించే పద్ధతిని మార్చింది ఆ కొసరే.

5డి మార్క్ 2 ఎస్ఎల్ఆర్ రకం కెమెరా. అలాంటి కెమెరాలో లెన్స్ వెనక ఒక అద్దం ఉంటుంది. లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మను అది పైకి మళ్లించి కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కినప్పుడు క్షణకాలం పైకి లేచి దారి ఇస్తుంది. 35 ఎంఎం ఫిల్ముకు ఈ ఏర్పాటు 1936లో జర్మనీలో తయారైన కీనె ఎగ్జాక్టాతో వచ్చింది. డెబ్బై ఏళ్లపాటు అద్దం అలా లేస్తూ పడుతూనే ఉంది. అది అడ్డంగా ఉన్నంతసేపూ వెనకనున్న సెన్సర్‌కు ఏమీ కనిపించదు కాబట్టి వీడియో ప్రసక్తే లేదు. అద్దాన్ని పైకే లేపి ఉంచి, సెన్సర్ చూస్తున్నదాన్ని వెనక తెరమీద చూపించే లైవ్ వ్యూ వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. తెరమీదికి వస్తున్న బొమ్మల్ని వరసగా దాచిపెడితే అదే వీడియో. కెనాన్ ప్రకటనకు కొన్ని వారాల ముందు, ఆగస్టులో, నికాన్ డి90 ఈ పని మొదట చేసింది, 720 వరసల బొమ్మతో. కెనాన్ 1080 వరసలతో, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌తో వచ్చింది.

న్యూయార్క్‌లో విన్సెంట్ లాఫొరే అనే పత్రికా ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. సినిమాలు తీసిన అనుభవం లేదు. ఇంకా మార్కెట్లోకి రాని ఈ కెమెరాను ఒక వారాంతానికి కెనాన్ దగ్గర అడిగి తీసుకుని, సొంత ఖర్చుతో 'రెవరీ' అనే చిన్న చిత్రం తీశాడు. రాత్రి వీధులు, దీపాల కాంతిలో ఒక జంట, హెలికాప్టర్ నుంచి మెరిసే మన్‌హట్టన్. అది ఇంటర్నెట్‌లోకి రాగానే ప్రపంచమంతటా సినిమాటోగ్రాఫర్లు ఆశ్చర్యపోయారు. చీకట్లో, అంత చిన్న కెమెరాతో అలాంటి బొమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు.

కారణం సెన్సర్ వైశాల్యంలో ఉంది. అప్పట్లో చాలా వీడియో కెమెరాల్లో ఉన్న సెన్సర్ 4.8 మిల్లీమీటర్ల పొడవు, 3.6 మిల్లీమీటర్ల వెడల్పు, కందిగింజంత. 5డి మార్క్ 2 సెన్సర్ 36 మిల్లీమీటర్లు, 24 మిల్లీమీటర్లు. వైశాల్యంలో సరిగ్గా 50 రెట్లు. మామూలుగా సినిమాకు వాడే 35 ఎంఎం ఫిల్ము ఫ్రేమ్ కూడా దీనికన్నా చిన్నదే. దానికి తోడు ఎఫ్ 1.2 వరకూ తెరుచుకునే లెన్సులు దొరికేవి. ఇంతవరకూ లెక్కలు. అసలు ఫలితం లెక్కల్లో లేదు. అంతకుముందు రాత్రి వీధిలో షూటింగ్ అంటే లైట్లు, జనరేటర్ వ్యాన్, పోలీసుల అనుమతి, తాళ్లు కట్టి ఆపిన జనం. లైట్లు వెలిగిన క్షణమే వీధి వీధిగా ఉండటం మానేసి సెట్ అయిపోతుంది. ఈ కెమెరాకు పాన్ డబ్బా మీది బల్బు చాలు. బ్యాక్‌గ్రౌండ్ మసకబారి అందంగా వస్తుందని అందరూ దీన్ని పొగిడారు. నా దృష్టిలో దాని గొప్పతనం అది కాదు, వీధిని కదిలించకుండా తీయగలగడం.

చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో దీన్ని చూడొచ్చు. లక్క గాజుల మీద అద్దపు ముక్కలు, వాటి మీద దుకాణపు లైట్లు. ఒకసారి గాజుల దుకాణంలో కూర్చున్న పెద్దాయన ముందు నిలబడి, వీడియో తీసుకుంటానని చెప్పి, 85 ఎంఎం లెన్సును ఎఫ్ 1.2కి తెరిచి రికార్డింగ్ మొదలుపెట్టాను. ఇద్దరి మధ్య రెండు మీటర్ల దూరం ఉంటే, స్పష్టంగా కనిపించే మేర నాలుగు సెంటీమీటర్లే. కంటిరెప్పలు పదునుగా ఉంటాయి, చెవి కరిగిపోతుంది. ఆయన ఊపిరి తీసుకుని కాస్త ముందుకు వంగితే చాలు, ఫోకస్ పోతుంది. వీడియోలో ఆటోఫోకస్ కదిలే మనిషిని వెంబడించదు కాబట్టి లెన్స్ చుట్టూ ఉన్న రింగును వేళ్లతో వెంట్రుకవాసి తిప్పుతూ ఆయనతోపాటు కదలాలి. వీడియో అని చెప్పినా కెమెరా ఫొటోలు తీసేదానిలా ఉంటుంది గదా, ఆయన గడ్డం సవరించుకుని, నవ్వు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. క్లిక్ శబ్దం రాదు. కొంతసేపటికి ఆ నవ్వు సడలింది. "అయిపోయిందా బేటా?" అన్నారు. ఆ సడలిన ముఖమే ఆయన పోర్ట్రెయిట్. స్టిల్ ఫొటోకు అది చిక్కదు, పెద్ద సినిమా యూనిట్ ముందు అది బయటికి రాదు. బ్రిటిష్ సినిమాటోగ్రాఫర్ ఫిలిప్ బ్లూమ్ ఇదే పద్ధతిలో డబ్లిన్, శాన్‌ఫ్రాన్సిస్కో, సోఫియా నగరాల మనుషుల మీద చిన్న చిత్రాలు తీశాడు. వాటిని చూసి నేర్చుకున్నవాళ్లు ఎందరో.

మొదట్లో ఈ యంత్రానికి మన దేశంలో ఒక చిక్కు ఉండేది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటుంది. కెమెరా సెకనుకు 30 ఫ్రేములే తీసేది, షట్టర్‌ను తనే నిర్ణయించుకునేది. ప్రతి ఫ్రేములోనూ ఆ వెలుగు సమానంగా పడక బొమ్మ మీద నీడల పట్టీలు పాకేవి. షట్టర్ 50లో ఒక వంతు ఉంటే ప్రతి ఫ్రేములోనూ సరిగ్గా రెండు వెలుగులు పడతాయి, పట్టీలు పోతాయి. ఆ అధికారం మనిషి చేతికి 2009 జూన్‌లో వచ్చిన ఫర్మ్‌వేర్‌తో, అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌తో, దక్కింది. అంతవరకూ లెన్సును కొద్దిగా తిప్పి కెమెరాతో దాని విద్యుత్ సంబంధం తెంచేసి అపర్చర్‌ను, అంటే లెన్స్ తెరుచుకునే మేరను, కట్టిపడేసినవాళ్లున్నారు. 24, 25 ఫ్రేముల వేగాలు 2010 మార్చిలో వచ్చాయి. ఈలోగా ట్రామెల్ హడ్సన్ అనే ప్రోగ్రామర్ మ్యాజిక్ లాంటర్న్ పేరుతో సొంత సాఫ్ట్‌వేర్ రాసి, కంపెనీ ఇవ్వని సదుపాయాల్ని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. వాడుకునేవాళ్లు ఇంత పట్టుబట్టి సరిచేసుకున్న కెమెరా మరొకటి అరుదు.

లోపాలు ఇంకా ఉన్నాయి. సెన్సర్‌లోని వరసల్లో దాదాపు మూడింటికి ఒకటే చదివి వీడియో చేస్తుంది, అందువల్ల గళ్ల చొక్కా మీద లేని రంగులు ఈదుతాయి. పైనుంచి కిందికి వరసగా చదవడంతో, కెమెరాను గబుక్కున తిప్పితే కరెంటు స్తంభాలు ఒరిగిపోతాయి. ఒక ఫైలు 4 జీబీ దాటదు, అంటే సుమారు 12 నిమిషాలు. శబ్దానికి వేరే రికార్డర్ పెట్టుకోవాల్సిందే.

అయినా 2010 మే 17న అమెరికాలో ప్రసారమైన 'హౌస్' సీరియల్ ఆరో సీజన్ చివరి భాగమంతా దీంతోనే తీశారు. కూలిన భవనం శిథిలాల సందుల్లోకి పెద్ద కెమెరా దూరదు, ఇది దూరింది. 2011లో రామ్‌గోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను కెనాన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో పూర్తిచేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే చర్చ. ఫొటో స్టూడియోలో ఉండే కెమెరాతో థియేటర్‌కు పోవచ్చన్న ధైర్యం మాత్రం మన కుర్రాళ్లకు చేరింది.

2014లో సోనీ ఎ7ఎస్ వచ్చాక చీకట్లో చూడటంలో 5డి మార్క్ 2 వెనకబడింది. అద్దమే లేని కెమెరాలు ఇప్పుడు రాజ్యమేలుతున్నాయి. అయితే పాత 5డి మార్క్ 2 సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకూ అమ్మాయిలకూ నేను సిఫారసు చేసేది అదే. షట్టర్ 50 దగ్గర పెట్టండి, ఐఎస్ఓ 1600 దాటించకండి, 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఒక్కటి చాలు. ఒక్కమాట మాత్రం మరవకండి: అది ఫొటో కెమెరాలా కనిపిస్తుంది కాబట్టి, వీడియో తీస్తున్నామని ఎదుటి మనిషికి ముందే చెప్పండి, వద్దంటే ఆపేయండి, తీశాక తెరమీద వాళ్ల ముఖం వాళ్లకు చూపించి మరీ కదలండి.