మెత్తగా... కమ్మగా!

ఆదివారం మధ్యాహ్నం. వంటింట్లోంచి ముద్దపప్పు, కొత్తావకాయ, అప్పుడే కాచిన నెయ్యి వాసన గుమ్మంటోంది. ఇంటిల్లిపాదీ కంచాల ముందు కూర్చున్నారు... ఒక్క పెద్దాయన తప్ప. రెండు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి వచ్చాయి కానీ మింగడమే కష్టంగా ఉంది. అందుకే పొద్దున జావ, మధ్యాహ్నం జావ, రాత్రికి పల్చటి మజ్జిగ. అదీ గదిలో, మంచం మీదే.

‘అమ్మాయ్, ఆ పప్పన్నం ఓ ముద్ద నాకూ పెట్టవూ...’ అంటారాయన.

‘అమ్మో, గొంతుకు అడ్డం పడితే! డాక్టరుగారు మెత్తటివే పెట్టమన్నారు కదా మామయ్యగారూ’ అంటుంది కోడలు.

ఆమె భయం నిజమే. ఆయన ఆకలీ నిజమే. అయితే, ఆమె పెట్టడానికి భయపడుతున్న పప్పన్నం కన్నా, ధైర్యంగా తాగిస్తున్న పల్చటి మజ్జిగే ఆయనకు ఎక్కువ ప్రమాదం కావచ్చు!

నీళ్లే కష్టం!

మనం ఆలోచించకుండా చేసే పనుల్లో మింగడం ఒకటి. దాని వెనక మాత్రం పాతికకు పైగా కండరాలు పనిచేస్తాయి. నాలుక ముద్దను వెనక్కి నెడుతుంది. ఆ క్షణంలో శ్వాసనాళం మూసుకుంటుంది. ముద్ద అన్నవాహికలోకి జారుతుంది. ఇదంతా ఒకట్రెండు సెకన్లలో జరిగిపోతుంది. పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బులు, నోరు-గొంతు క్యాన్సర్లకు చేసే ఆపరేషన్, రేడియేషన్... ఇలాంటివాటి వల్ల ఆ వరస తప్పుతుంది. వైద్యులు దీన్నే డిస్ఫేజియా అంటారు.

నీళ్లు, మజ్జిగ, కాఫీ వంటివి నోట్లో పడగానే జారిపోతాయి. శ్వాసనాళం మూసుకునేలోపే లోపలికి వెళ్లిపోతాయి. అలా ఊపిరితిత్తుల్లోకి చేరితే న్యుమోనియా రావచ్చు. కాస్త చిక్కగా ఉన్నవి నెమ్మదిగా కదులుతాయి కాబట్టి గొంతుకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది.

ఎవరికైనా పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అంటూ నెత్తిన తట్టడం మనకు అలవాటు. ఎప్పుడో ఒకసారి అయితే సరే. రోజూ తింటున్నప్పుడు దగ్గొస్తున్నా, తిన్నాక గొంతు గరగరమంటున్నా, అన్నం బుగ్గలో మిగిలిపోతున్నా, మాటిమాటికీ జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా తేలిగ్గా తీసుకోకూడదు. కొందరికి దగ్గు కూడా రాదు. చడీచప్పుడు లేకుండానే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎంత మెత్తగా?

‘మెత్తటివి పెట్టండి’ అన్న ఒక్క మాట సరిపోదు. అందుకే ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ బృందం ఆహారాన్ని, పానీయాలను 0 నుంచి 7 వరకూ మెట్లుగా విభజించింది. 0 అంటే మామూలు నీళ్లు. 7 అంటే మనందరం తినే భోజనం. 4వ మెట్టులో ఉండలు లేని మెత్తటి ముద్ద. చెంచాలోకి తీస్తే ఆకారం నిలవాలి, వంచితే అంటుకోకుండా జారాలి. 5లో తడితడిగా చిదిమిన ఆహారం. పెద్దవాళ్లకైతే అందులోని పలుకులు 4 మిల్లీమీటర్లు మించకూడదు. ఫోర్కు పళ్ల మధ్య సందు దాదాపు అంతే ఉంటుంది. 6లో మెత్తటి ముక్కలు, ఒకటిన్నర సెంటీమీటర్లకు లోపు. ఫోర్కుతో నొక్కితే చితికిపోవాలి, మళ్లీ ఉబ్బకూడదు.

మన మనిషిది ఏ మెట్టో తేల్చాల్సింది డాక్టరు, స్పీచ్ థెరపిస్టు. మాటలు నేర్పేవారికి మింగడంతో ఏం పని అనుకోవద్దు. ఆ పరీక్షలు చేసేదీ, వ్యాయామాలు నేర్పేదీ వాళ్లే. నీళ్లను చిక్కబరిచే పొడులు మందుల షాపుల్లో దొరుకుతాయి. అవి అందరికీ అవసరం ఉండవు, పైగా కొందరు ఆ రుచి నచ్చక నీళ్లే మానేస్తారు. కాబట్టి వాటినీ సొంతంగా మొదలుపెట్టొద్దు.

మన వంటింట్లోనే...

మెట్టు తెలిశాక మన వంటల్లో ఎన్ని పనికొస్తాయో చూడండి. ముద్దపప్పుతో కలిపి, నెయ్యి వేసి మెదిపిన మెత్తటి అన్నం. గింజ తగలకుండా గట్టి పెరుగుతో మెదిపిన పెరుగన్నం. ఉడికించి చిదిమిన సొరకాయ, గుమ్మడికాయ. పాలు పోసి మెదిపిన చిలగడదుంప. బాగా పండిన అరటి, బొప్పాయి. పీచు వడకట్టిన మామిడిపండు గుజ్జు. జున్ను. మాంసాహారులైతే ఖీమాను ఇంకా మెత్తగా రుబ్బి, చిక్కటి గ్రేవీతో పెట్టొచ్చు. చేపలో ఒక్క ముల్లూ ఉండకూడదు.

మరి ఆవకాయ? ముక్క వద్దు. డాక్టరు కాదనకపోతే, వడకట్టిన ఊట రెండు చుక్కలు పప్పన్నంలో కలిపితే చాలు, నాలుక లేచొస్తుంది! నోట్లో పుండ్లున్నవారికీ, రేడియేషన్ చేయించుకుంటున్నవారికీ మాత్రం కారం, పులుపు పనికిరావు.

కొన్నిటితో జాగ్రత్త. చారన్నం తేలికనుకుంటాం. కానీ నీళ్లూ మెతుకులూ కలిసినవి మింగడం మరీ కష్టం. చారు ముందే జారిపోతుంది, మెతుకులు వెనకబడతాయి. ముక్కల సాంబారుదీ అదే తంతు. అటుకులు, మరమరాలు, జంతికలు, వేరుసెనగలు, పొడిపొడి ఇడ్లీ, అంటుకునే హల్వా, పీచు ఉన్న ఆకుకూర కాడలు పక్కన పెట్టాలి. ఐస్‌క్రీమ్ గట్టిగా కనిపించినా నోట్లో కరిగి నీళ్లవుతుందని మరవద్దు.

జావతో బరువు నిలవదు

పల్చటి జావలో ఎక్కువ భాగం నీళ్లే. కడుపు నిండినట్టు ఉంటుంది కానీ ఒంటికి పట్టేది తక్కువ. కండ తగ్గితే మింగే బలమూ తగ్గుతుంది. అందుకే పెట్టే కొద్దిలోనే బలం దట్టించాలి. ఒక చెంచా నెయ్యిలో సుమారు 45 కేలరీలుంటాయి. ఒక గుడ్డులో 6 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. గుడ్డును పాలతో కలిపి కస్టర్డులా చేయొచ్చు. మెదిపిన కూరలో చెంచాడు పాలపొడి కలపొచ్చు. మూడు పూటలకు బదులు ఐదారుసార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. షుగరు, బీపీ, కిడ్నీ సమస్యలుంటే నెయ్యి, ఉప్పు, తీపి, మాంసకృత్తుల లెక్క డాక్టరును అడగాలి. వారానికోసారి బరువు చూడాలి.

ఇంకో మాట. అన్నీ కలిపి మిక్సీలో తిప్పేస్తే ఏ రంగో ఏ రుచో తెలియని ముద్ద అవుతుంది. పప్పు వేరే, కూర వేరే మెదిపి, కంచంలో వేరువేరుగా వడ్డించండి. చూడగానే ‘ఇది గుమ్మడికాయ’ అని తెలియాలి.

తినిపించేటప్పుడు...

* పడుకోబెట్టి పెట్టొద్దు. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి. తిన్నాక కనీసం అరగంట అలాగే ఉండాలి.
* మీరూ ఎదురుగా కూర్చోండి. నిలబడి పెడితే వాళ్లు తల పైకెత్తాల్సి వస్తుంది. అప్పుడే పొలమారుతుంది.
* చిన్న చెంచాతో, సగం నింపి పెట్టండి. మింగారని చూశాకే రెండోది.
* టీవీ ఆపేయండి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడించొద్దు.
* నిద్రమత్తులో ఉన్నా, అలసిపోయినా ఆపేయండి.
* రోజూ పళ్లు, నాలుక శుభ్రం చేయాలి. నోట్లో క్రిములు తగ్గితే న్యుమోనియా భయమూ తగ్గుతుంది.
* మాత్రలు పొడి చేసే ముందు అడగండి. నెమ్మదిగా కరిగేలా తయారైనవాటిని నలగ్గొట్టకూడదు.
* ముద్ద అడ్డుపడి మాట, ఊపిరి, దగ్గు రాకపోతే నీళ్లు తాగించొద్దు. ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి. వెంటనే 108కు ఫోన్ చేయించాలి.

మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే వద్దాం. థెరపిస్టు చూసి మెట్టు చెప్పాక, ఆయన కుర్చీ కూడా భోజనాల దగ్గరికే చేర్చండి. మీ కంచంలో పప్పన్నం, ఆయన కంచంలోనూ పప్పన్నమే, కాస్త ఎక్కువ మెదిపింది. మనవడు పప్పులో నెయ్యి వేయించుకుంటుంటే ‘నాకూ ఓ చెంచా’ అని ఆయన అడగగలిగితే... మందులతో పాటు అదీ ఆయనకు బలమే.