ఆహార్యం: కట్టూ కుదురూ

భామాకలాపంలో సత్యభామ రంగస్థలం మీద కనబడక ముందే ఆమె జడ కనబడుతుంది. ఇద్దరు పట్టుకొన్న తెర వెనుక నిలిచి, పాత్రధారి తన పొడవైన జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేస్తాడు. ఆ జడ సత్యభామ సౌందర్యానికి, అభిమానానికి గుర్తు; తనతో సమానమైన విద్వాంసులు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మని నటుడు విసిరే సవాలు కూడా. కూచిపూడి సంప్రదాయంలో చాలాకాలం ఈ పాత్రను పురుషులే ధరించారు. వారి తలపై ఉన్నది సొంత జడ కాదు, సవరంతో కట్టినది. సవాలు విసిరిన క్షణంలోనే ఆ కట్టు వదలి సవరం తెర మీద వేలాడితే, ఆ తరువాత ఎంత గొప్ప అభినయమైనా సభలోని నవ్వును ఆపలేదు.

స్త్రీపాత్రలకు పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మ 1970లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. ఆయన సత్యభామగా వచ్చినప్పుడు ఆ పాత్రధారి పురుషుడన్న మాట ప్రేక్షకులు మరచిపోయేవారు. నడక, చూపు, వాక్కు ఆ భ్రాంతిని కల్పించాయి. అయితే ఆ భ్రాంతి నిలవడానికి ఎవరి కంటికీ కనబడని ముళ్లు, కుట్లు, బొందులు కూడా కారణమే. అవి సరిగా పనిచేసినంతసేపు వాటిని ఎవరూ తలచుకోరు.

భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించింది. వేషభూషలకు సంబంధించినది ఆహార్యం. అందులో మళ్లీ పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అనే నాలుగు భాగాలున్నాయి. రంగోపకరణాలను చేసే పుస్తంలో సంధిమమనీ, వ్యాజిమమనీ, వేష్టిమమనీ మూడు పద్ధతులు చెప్పారు. చాప, బట్ట, తోలు వంటివాటిని అతికి చేసేది సంధిమం. యంత్రంతో కదిలేది వ్యాజిమం. చుట్టి చేసేది వేష్టిమం. ఈ మాటలు ముఖ్యంగా ఉపకరణాల గురించి చెప్పినవే అయినా, దుస్తుల విషయంలోనూ ఆలోచనకు పనికివస్తాయి. ఏ వేషమైనా కొంత అతుకు, కొంత చుట్టు.

కూచిపూడి వేషం తొలుత ప్రధానంగా చుట్టు. చీరను పొడవుగా తీసి, కుచ్చిళ్లు పోసి, కచ్చ పెట్టి, ఒంటికి బిగించి కట్టేవారు. కట్టడం తెలిసిన చేయి ఉంటే చాలు, కుట్టుతో పనిలేదు. 20వ శతాబ్దపు ఉత్తరార్ధంలో కుట్టిన వేషం వ్యాప్తిలోకి వచ్చింది. దీనివల్ల వేషం వేసుకోవడానికి పట్టే సమయం తగ్గింది. కాని చీర కట్టులో ఉన్న ఒక గుణం పోయింది. చుట్టిన చీర ఒంటి కొలతకు తానే సర్దుకొంటుంది. కుట్టిన వేషం అలా సర్దుకోదు. కుట్టేటప్పుడు చేసిన పొరపాటు వేసుకొన్న ప్రతిసారీ బయటపడుతుంది.

హైదరాబాదు ఆగ్నేయ శివారులలో దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాలకు చేరువలో బడంగ్‌పేట్ ఉన్నది. ఒకప్పుడు అది రంగారెడ్డి జిల్లాలో ఒక పల్లె. నేడు నగరంలో కలిసిపోయిన నివాసప్రాంతం. కళాశాల వార్షికోత్సవం దగ్గరపడితే ఇటువంటి చోట్ల నృత్యం నేర్చిన పిల్లల ఇళ్లలో ఒకే ప్రశ్న తలెత్తుతుంది: వేషం అద్దెకు తేవడమా, ఇంట్లో కుట్టడమా? అద్దె వేషం ఎవరి కొలతకూ కుట్టినది కాదు. పది పిన్నీసులతో ఎవరికైనా సరిపెట్టేది. అమ్మ పాత పట్టుచీరతో ఇంట్లో కుట్టిన వేషానికి శ్రమ ఎక్కువే. అయినా ఆ ఒక్క ఒంటికి అతికినట్లు ఉండే అవకాశం దానికే ఉన్నది. ఆ అవకాశం నెరవేరేదీ లేనిదీ పొరల అమరికలో తేలుతుంది.

కుట్టిన వేషంలో అడుగున పైజామా ఉంటుంది. దాని ముందు భాగాన విసనకర్రలా విచ్చుకొనే కుచ్చిళ్ల పొర, తుంటి మీద వెనుక కొంగు, పైన రవిక, రవిక మీద పైట, అన్నిటినీ అదుముతూ వడ్డాణం. చూడడానికి ఇది ఒకే దుస్తు. నిజానికి నడుము దగ్గర నాలుగైదు పొరలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. మొదటగా తెలుసుకోవలసిన విషయం ఇదే: ప్రతి పొర బరువూ నడుము పట్టీ మీదనే పడాలి, పక్క పొర మీద పడకూడదు. కొంగును కుచ్చిళ్లకు, కుచ్చిళ్లను పైటకు తగిలించుకొంటూ పోతే ఒకటి జారినప్పుడు మిగిలినవన్నీ దాని వెంట జారుతాయి. అడుగున రెండు మూడంగుళాల వెడల్పు గల గట్టి నూలు పట్టీని కుట్టి, ప్రతి పొరనూ విడివిడిగా దానికే బిగిస్తే, ఏదైనా ఒకటి వదలినా తక్కినవి నిలుస్తాయి.

రెండవది కొలత. ఇంటి కుట్టులో జరిగే పెద్ద పొరపాటు నిలబడి కొలవడం. కూచిపూడిలో నర్తకి చాలాసేపు అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న స్థితిలో ఉంటుంది. ఆ స్థితిలో తొడల నడుమ దూరం పెరుగుతుంది, వస్త్రం బిగుసుకొంటుంది. నిలబడినప్పుడు ముచ్చటగా ఉన్న పైజామా అరమండిలో కుట్టు దగ్గర పిగులుతుంది. అందుచేత పైజామా వెడల్పును, కుచ్చిళ్లు విచ్చుకొనే మేరను అరమండిలోనే కొలవాలి. కుచ్చిళ్లు తక్కువైతే విసనకర్ర సగంలో ఆగుతుంది. ఎక్కువైతే మోకాళ్ల మధ్య ముద్దగా వేలాడుతుంది.

మూడవది కుదురు. బట్టలో నిలువు నూలు పడుగు, అడ్డనూలు పేక. పడుగు నిలువుగా ఉండేటట్లు కత్తిరించిన పొర అంతగా సాగదు. ఐమూలగా కత్తిరించినది తన బరువుకే సాగుతుంది. పై పొర ఒక దిశలో, లోపలి అస్తరు మరొక దిశలో ఉంటే రెండూ ఒకే తీరున వేలాడవు. మొదటి రోజు సరిగా ఉన్న అంచు రెండవ రోజుకు వంకరవుతుంది. అనుభవం గలవారు అంచు మడిచి కుట్టే ముందు పొరలను ఒక రాత్రి కొక్కేనికి వేలాడదీస్తారు. సాగవలసినంత సాగిన తరువాత అంచును సరిచేస్తారు. ఇది ఓపిక లేనివారు దాటవేసే మెట్టు. అలా దాటవేసిన సంగతి వేదిక మీద దీపాల వెలుగులో తెలుస్తుంది.

పొరలను ఒకదాని మీద ఒకటి సరిగా పరచడానికి మధ్యరేఖ కావాలి. కొత్త ఇళ్లు లేస్తున్న కాలనీలలో తాపీమేస్త్రీ గోడ నిలువును చూడడానికి దారానికి బరువు కట్టి వేలాడదీస్తాడు. వేషానికీ అదే ఉపాయం పనికివస్తుంది. తొడుక్కొన్న మనిషి నిటారుగా నిలబడితే బొడ్డు దగ్గర నుండి దారం వేలాడదీసి, అది తాకిన చోటల్లా ప్రతి పొర మీదా రంగుదారంతో గుర్తు కుట్టాలి. కుచ్చిళ్ల నడిమి మడత, వడ్డాణం నడిమి బిళ్ల, పైజామా నడిమి కుట్టు ఈ మూడూ ఆ గీత మీద ఉండాలి. ప్రేక్షకుడు కొలబద్ద తేడు. అయినా అంగుళం తేడాను అతని కన్ను పట్టుకొంటుంది. ముఖ్యంగా చీర అంచును కుచ్చిళ్లకు వాడినప్పుడు, అతుకు దగ్గర జరీ గీతలు కలవకపోతే ఆ విరుపు దూరానికే కనబడుతుంది.

గుర్తులు కుదిరాక పొరలను బల్ల మీద పరచి మధ్య నుండి అంచులకు కచ్చా కుట్టు వేయాలి. అంచుల నుండి మధ్యకు వస్తే బట్ట నడుమ పొంగుతుంది. ఒళ్లు గుండ్రని వస్తువు కాబట్టి పై పొర లోపలి పొర కన్నా ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. రెండింటినీ ఒకే కొలతకు కత్తిరిస్తే పైది పట్టేస్తుంది. దానికి కొంచెం వదులు ఇవ్వాలి. పై అంచు మాత్రమే గట్టిగా కుట్టి, కింది అంచులను విడిగా వదలి, పక్క కుట్ల దగ్గర రెండంగుళాల దారపు గొలుసులతో పొరలను కలిపితే అవి కలిసి కదులుతాయి, ఒకదానినొకటి లాగవు.

ఇక కట్టు. బొందును జారుముడి వేస్తే జారిపోవచ్చు. పీటముడి వేస్తే వేషం మార్చే తొందరలో ఊడదు. పువ్వుముడి వేసి, కొసలను పట్టీ లోపలికి దోపి, రెండు కుట్లు పొడవడం నమ్మదగిన పద్ధతి. ప్రదర్శన తరువాత ఆ దారాన్ని తెంపితే చాలు. తరచుగా విప్పవలసిన చోట కొక్కేలు, బరువు లేని చోట టిచ్ బొత్తాలు వాడవచ్చు. పిన్నీసును మాత్రం ఆఖరి ఉపాయంగానే ఉంచుకోవాలి. పట్టుబట్టలో ఒంటి పొరకు గుచ్చిన పిన్నీసు కదలిక కొద్దీ రంధ్రాన్ని పెద్దది చేస్తుంది. తప్పనప్పుడు లోపల చిన్న నూలుగుడ్డ ముక్క పెట్టి, బట్ట లాగే దిశకు అడ్డంగా గుచ్చి, కొస లోపలి వైపు దాగేటట్లు చూడాలి. నర్తకి పాదాలు నగ్నంగా ఉంటాయి. నేల మీద పడిన పిన్నీసు ఆమె పాదానికో, తరువాత వచ్చే పిల్లవాని పాదానికో గుచ్చుకొనక మానదు.

తల మీది అలంకారాల విషయంలో బరువే శత్రువు. బరువైన నగలు నటుణ్ణి అలసటకు గురిచేస్తాయని నాట్యశాస్త్రమే హెచ్చరించి, లక్కతోనూ పలుచని రేకుతోనూ చేసినవి వాడమన్నది. తెలంగాణలో చిందు యక్షగాన కళాకారులు తేలిక కర్రతో చేసిన కిరీటం, భుజకీర్తులు ధరించడంలోనూ ఈ జ్ఞానమే కనబడుతుంది. నిజామాబాదు జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ (మరణం 2005) ఈ కళలో పురుషపాత్రలను సైతం ధరించి మెప్పించారు. కడప జిల్లా సురభిలో 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటకసమాజంలో కుటుంబమంతా నటులే, కుటుంబమంతా పనివారే.

సవరాన్ని సొంత వెంట్రుకలతో కలిపి అల్లి, మొదట్లో నల్లదారంతో చుట్టి బిగించాలి. మిగిలిన నృత్యాలలో జడ కొసను వడ్డాణం కిందికి దోపి ఊగకుండా ఆపవచ్చు. సత్యభామకు ఆ వీలు లేదు, జడ విసరవలసినదే. కాబట్టి బరువంతా తల మొదటి కట్టు మీదనే పడుతుంది. విసిరేటప్పుడు పడే లాగుడును తట్టుకోగలదో లేదో వేషం వేసిన రోజే గట్టిగా లాగి చూడాలి.

తరంగ నృత్యంలో పరీక్ష మరొక విధమైనది. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు మోపి, పళ్లెంతో సహా కదులుతూ లయను పలికిస్తుంది. తల మీద నీటి చెంబు కూడా ఉండవచ్చు. అప్పుడు పైజామా కొస ఒక్క అంగుళం కిందికి దిగినా పళ్లెం కింద చిక్కుకొంటుంది. చిక్కుకొన్న బట్టను చేత్తో తీసుకొనే వీలు లేదు. ఈ ఒక్క అంశం కోసమైనా పాదాల దగ్గర గజ్జెలు కట్టిన తరువాతనే, పళ్లెం ఎక్కించి, అంచును ఖాయం చేయాలి.

విప్పడానికీ ఒక వరుస ఉన్నది. ముందు తలమీదివి, తరువాత వడ్డాణం, ఆ తరువాత పైట, కొంగు, కుచ్చిళ్లు, ఆఖరున పైజామా. చెమటతో తడిసిన పట్టును మడిచి పెట్టెలో పెడితే జరీ నల్లబడుతుంది. నీడలో ఆరవేసి, కుచ్చిళ్ల మడతలను పాత గుర్తుల వెంటే చేర్చి నూలుగుడ్డలో చుట్టాలి. మధ్యరేఖ మీద కుట్టిన రంగుదారాన్ని లోపలి వైపున అలాగే ఉంచితే వచ్చే ఏడు చెల్లెలికి కొలత మార్చేటప్పుడు పని మొదటి నుండి ఆరంభించనక్కరలేదు.